ఖాళీగా తిరిగిరాని మా బావ

మా బావ అప్పలసూరి ఎక్కడికి వెళ్లినా ఖాళీ చేతులతో తిరిగిరాడు. పెళ్లికి వెళ్లినా, పరామర్శకు వెళ్లినా వచ్చేటప్పుడు ఏదో ఒకటి పట్టుకునే వస్తాడు. పన్ను పీకించుకున్న రోజున ఆ పన్నే కాగితంలో చుట్టి తెచ్చుకున్నాడు. "ఇదేటి బావా" అంటే, బుగ్గ వాచిపోయి మాట రాకపోయినా, "కాళీగా రాకూడదురా హరీ" అన్నాడు.

ఇది పిచ్చి కాదు, వృత్తి. మా సాలూరులో లారీ తోలినవాడికి ఖాళీ బండి అంటే కడుపుమంట. రాయపూర్‌లో సరుకు దింపాక రిటర్న్ లోడు దొరక్కపోతే మా బావ లారీ కింద చాప పరుచుకుని పడుకునేవాడే గానీ ఖాళీ బండితో కొండల ఘాటీ రోడ్డు దిగేవాడు కాదు. ఒకసారి గత్యంతరం లేక పెళ్లి బ్యాండు మేళాన్ని మనుషులతో సహా ఎక్కించుకొచ్చాడు. దారి పొడుగునా వాయించారట.

నాది లారీ విడిభాగాల కొట్టు. ఈ ఊరి డ్రైవర్లందరినీ ఎరుగుదును. అంత పరువుగా బండి తోలినవాడు మరొకడు లేడు. మా అక్క మొగుడని చెప్పడం లేదు.

యాభై దాటగానే ఆయన బండి అమ్మేశాడు. "కళ్లు బాగున్నప్పుడే దిగిపోవాలిరా. ఇంక మీ అక్కకి దేశం సూపిస్తాను" అన్నాడు. దేశమంతా తిరిగినవాడే, కానీ పాపం ఆయన చూసినవన్నీ బైపాసులు. మైసూరంటే టోల్‌గేటు, జైపూరంటే పంక్చర్ షాపు. అందుకని అక్క ధనలక్ష్మిని వెంటబెట్టుకుని రైలెక్కాడు.

"అందరూ ప్యాలెస్ సూస్తంటే ఈయన గేటు బయట ఓ ముసలమ్మతో సిక్కుడు గింజలకి బేరం పెట్టాడురా" అని తిరిగొచ్చాక అక్క నా దగ్గర వాపోయింది. కాశీకి వెళ్లినవాళ్లు ఇష్టమైన కూర ఒకటి వదిలేసి వస్తారు. ఈయన వదలకపోగా అక్కడి వంకాయ విత్తనాలు మూటకట్టుకొచ్చాడు. అలా ఊరూరి విత్తనాలు చేరి, ఇంట్లో పోపుడబ్బా తీస్తే ఏది ఆవాలో ఏది తోటకూర గింజో తెలియకుండా పోయింది. అక్క కేకలు పడలేక, ఇంటి వెనక లారీ నిలబెట్టే జాగాలో తోట మొదలుపెట్టాడు.

ఏళ్ల తరబడి చక్రాలు తొక్కిన నేల అది. గునపం వేస్తే గునపమే వంగింది. అయినా వదల్లేదు. పాత టైర్లలో వంగ, బెండ వేశాడు. ఆనప పందిరికి లారీ తాళ్లు కట్టాడు, ఏనుగు ఊగినా తెగదు. మొదటి ఆనపకాయ కాసిన రోజున దానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టి, ఎదురుగా కొబ్బరికాయ కొట్టి, వీధిలో వాళ్లందరినీ పిలిచి చూపించాడు.

అక్కడి నుంచి మా తిప్పలు మొదలయ్యాయి. ఎవరింటికైనా కూరలు తెచ్చి ఇస్తాడు. ఇచ్చి, కదలడు. ఏదో ఒకటి చేతిలో పెట్టేదాకా అరుగు మీదే కూర్చుంటాడు. కోడిగుడ్డు పెంకులు, కుడితి, అరిగిన చీపురు, ఏదైనా సరే. "రెండు బెండకాయలు ఇచ్చి నా కొత్త బకెట్టు పట్టుకుపోనారు మీ బావ" అని మా ఆవిడ శైలజ నా మీద ఎగిరింది.

నేను వెళ్లి అడిగేశాను. "ఊరికే ఇస్తే ఇయ్యి, లేకపోతే మానెయ్ బావా. ఊరంతా పిసినారి అంటన్నారు."

"అననీరా. బకెట్టుకి మూత కూడా ఉన్నాదేటి?"

ఆయన తరచుగా వెళ్లేది దాలయ్య ఇంటికి. దాలయ్య మా బావ లారీలో క్లీనరుగా చేరి, డ్రైవరైనవాడు. బావ బండి దిగాక వేరేవాళ్ల లారీకి వెళ్లి, లోడు మీద తాడు బిగిస్తూ జారిపడ్డాడు. తుంటి విరిగింది. భార్య లక్ష్మణమ్మ కూలి మందులకే చాలేది. కూర వండక ఎన్నాళ్లయిందో చెప్పుకుని ఆమె మా అక్క దగ్గర ఏడ్చింది. నేను బియ్యం బస్తా పంపితే దాలయ్య అదే ఆటోలో తిప్పి పంపాడు. "పని సేసి తింటాను గానీ జాలి తినను" అన్నాడట.

అలాంటివాడు మా బావ దగ్గర సంచీడు కూరలు తీసుకునేవాడు. బదులుగా వాళ్ల నీళ్లపొయ్యి బూడిద ఇచ్చేవాడు. దాన్ని తనే జల్లించి, మూటకట్టి, దారినపోయేవాళ్లను ఆపి మరీ చెప్పేవాడు. "నా బూడిద నేకపోతే మా గురువు బెండకి పేను పట్టేస్తాది."

ఒకరోజు తోట వెనక్కి వెళ్లి చూద్దును కదా, టార్పాలిన్ కింద బూడిద మూటలు నా ఎత్తున ఉన్నాయి.

"తోటకి గుప్పెడు సాలు. ఊళ్లో గిన్నెలన్నీ తోమినా ఇది తరగదు" అంది అక్క.

"మరి ఎందుకు మోస్తున్నావు బావా?"

ఆయన నా నోరు మూసినంత పని చేశాడు. "గట్టిగా అనకురా. ఆడికి తెలిస్తే కూర ముట్టుకోడు."

"అయితే మా బకెట్టు?"

"ఆడొక్కడినే అడిగితే అనుమానపడిపోడేటి? అందికే ఊరందరినీ అడుగుతన్నాను."

ఒక్క మనిషి తలెత్తుకు తినాలని ఊరందరి చేతా పిసినారి అనిపించుకున్నాడు మా బావ.

మర్నాడే కొంప మునిగింది. తన బూడిదతో కాసిన తోట చూడాలని దాలయ్య కర్ర పట్టుకుని ఆటో దిగాడు. వంకాయలు చూశాడు, పందిరి చూశాడు. బావ అడ్డం నిలబడ్డా ఆగకుండా వెనక్కి నడిచి, కర్రతో టార్పాలిన్ ఎత్తాడు.

తను కట్టిన ముడులు తను కట్టినట్టే ఉన్నాయి. అక్క లోపలికి వెళ్లిపోయింది. నేను చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను.

"అది స్టాకు" అన్నాడు బావ, పీలగా.

దాలయ్య కర్రతో ఒక మూటను పొడిచి చూశాడు. కళ్లు తుడుచుకుని బావ వైపు తిరిగాడు. "గురూ, బండి తోలడమే గానీ లోడు దింపడం నీకెప్పుడూ సేతకానేదు. దీన్ని పేడలోనూ ఆకుల్లోనూ కలిపి ఎరువు సెయ్యాల. రేపట్నుంచి నానొస్తాను. ఓ ఎత్తుపీట సూడు. కూరలు నా కూలి."

ఇప్పుడు రోజూ వస్తున్నాడు. పీట మీద కూర్చుని పాదులు కడతాడు, నారు పోస్తాడు, మా బావను ఊరికి వినపడేలా కేకలేస్తాడు. మొన్న పక్కింటికి పాతపట్నం నుంచి వచ్చిన చుట్టాలు ఆ పందిళ్లు చూసి, ఈ తోట ఎవరిదని అడిగారు.

"దాలయ్యది. నాను క్లీనర్ని" అన్నాడు మా బావ.

"కబుర్లాపి నీళ్లట్టుకురా" అన్నాడు దాలయ్య పీట మీంచి.

"ఇదిగో, తెస్తన్నాను" అంటూ పరిగెత్తాడు మా బావ. ఆయన నా బావ అని ఆ చుట్టాలకు నేను రెండుసార్లు చెప్పాను.