చప్పుడు పోయిన బండి

మా నాయినకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట కూడా పోయింది. మహబూబ్‌నగర్‌లో నా కిరాయి ఇంటి ముందు గదిలో ఆయనకు మంచం వేశాం. ఎవరు పలకరించినా పైకప్పు వైపే చూస్తూ ఉండేవాడు. అన్నం పెట్టబోతే పళ్ళు బిగించేవాడు. అమ్మ బతిమాలేది, తిట్టేది, ఏడ్చేది, చివరికి చెంచాతో పళ్ళ సందులోంచి జావ పోసేది. అందులో సగం దిండే తాగేది. డాక్టరు, ఆయన దేనికి పలుకుతున్నాడో కనిపెట్టి దాన్ని వదలకండి అన్నాడు. మేము కనిపెట్టడానికి ఆయన దేనికీ పలకలేదు.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి బండికి స్టాండు వేసేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"మళ్ళొకపారి మూలమలుపు దాంక పోయి రా" అంది.

"ఎందుకే?"

"పోయి రారా అంటే!"

పోయి వచ్చాను. అమ్మ కళ్ళనిండా నీళ్ళు. "నీ బండి సప్పుడు ఇంటాండురా మీ నాయిన. దర్వాజ దిక్కు మెడ తిప్పిండు. నోరు గూడ తెరిసిండు" అంది.

మూడోసారి బండిని గుమ్మం ముందు నిలబెట్టి, ఇంజన్ ఆపకుండా లోపలికి వచ్చి నా కళ్ళతో చూశాను. మెడ వాకిలి వైపు తిరిగి ఉంది. ఎడమచేతి నాలుగు వేళ్ళూ మెల్లగా మడుచుకుంటున్నాయి, క్లచ్చు పట్టుకున్నట్టు. ఎక్సలేటరు తిప్పే కుడిచెయ్యి చచ్చిపోయింది గాని క్లచ్చు చెయ్యి ఇంకా బండి మీదే ఉంది. అమ్మ గబగబా ముద్ద కలిపి నోట్లో పెట్టింది. నమిలాడు, మింగాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో భోజనం బండితోనే. పొద్దున, మధ్యాహ్నం ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చి ఒకసారి, సాయంత్రం ఒకసారి బండిని గుమ్మం ముందు స్టార్టు చేసి పెట్టేవాణ్ణి. ఇంట్లోకి పొగ, వీధిలోకి పొగ. ఎదురింటావిడ, "బండికి తినవెడ్తున్నరా, మనిషికా?" అని అడిగింది. రెండింటికీ అని చెప్పాను. నవ్వింది గాని కిటికీ మాత్రం మూసుకుంది.

ఆ బండి ఆయనదే. నేను బడికి పోయే రోజుల్లో ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. దేవరకొండ దగ్గరి మా ఊళ్ళో మగ్గం నేసేవాడు. నేసిన చీరల మూట వెనక కట్టుకొని దేవరకొండ, కల్వకుర్తి, అప్పుడప్పుడు నల్లగొండ దాకా దాని మీదే తిరిగాడు. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాల్సిన పాతకాలపు బండి. అలాంటివి చేయడం కంపెనీలు ఎప్పుడో మానేశాయి. దాని చప్పుడులో మామూలు డబడబతో పాటు ఒక గలగల ఉండేది, గిన్నెలో మేకులు వేసి ఊపినట్టు. ఊరి బయట మలుపులో ఉండగానే అది వినిపించేది. అమ్మ పొయ్యి మీద చాయ నీళ్ళు పెట్టేది. ఆయన దిగేసరికి చాయ మరిగేది.

ప్రత్యేక రాష్ట్రం వచ్చాక నాకు ఈ మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం దొరికింది. నాయిన తాళంచెవి నా చేతిలో పెట్టి, "దీన్ని ఇంకోని చేతికియ్యకు. నడిసినన్నొద్దులు ఇంజన్ ఇప్పియ్యకు" అన్నాడు. ఆయన వద్దన్న రెండూ నేను చేశాను.

నాయిన తిండి బండి మీద ఆధారపడ్డాక నాకు భయం పట్టుకుంది. ఈ బండి ఆగిపోతే ఏం చేయాలి? రోజూ దాని చప్పుడు చెవులు రిక్కించి వినేవాణ్ణి, ఆ గలగల నిన్నటికంటే పెరిగిందేమోనని. సామాన్లు దొరకవు. దొరికినవి నకిలీవి. కొత్త కుర్ర మెకానిక్‌లు బండిని చూసి, అమ్మేయమని సలహా ఇచ్చేవాళ్ళు. అలా వెతుకుతూ వెతుకుతూ పాతబండ్ల పిచ్చోళ్ళ వాట్సాప్ గ్రూపులో పడ్డాను.

ఆ గ్రూపులో ఎవరికీ పేరు లేదు. నల్లబండి అన్న, నీలంబండి అన్న, షాద్‌నగర్ ఎర్రబండి అన్న. అరవై ఏళ్ళ పెద్దమనిషి కూడా పాతికేళ్ళవాణ్ణి అన్నా అనే పిలుస్తాడు. పళ్ళు తోముకోకముందే బండి ఫొటో పెడతారు. ఒకాయన కార్బొరేటరు కడిగి, తెల్లటి తువ్వాల మీద పడుకోబెట్టి, అప్పుడే పుట్టిన బిడ్డ ఫొటోలా పెట్టాడు. అందరూ ముద్దుగా ఉందన్నారు. లీటరు పెట్రోల్లో ఆయిల్ ఎంత కలపాలనే దాని మీద మూడు రోజులు కొట్లాడుకొని, ఇద్దరు అలిగి గ్రూపు వదిలిపోయి, నాలుగో రోజు ఏమీ జరగనట్టు మళ్ళీ చేరారు. ఇంజన్ విప్పి బాగుచేయించిన బండికి కొబ్బరికాయ కొట్టి, మొదటి కిక్కు వీడియో గ్రూపులో పెట్టాలి. అది ఆనవాయితీ. ఒక్క కిక్కుకే స్టార్టయితే గ్రూపంతా పెళ్ళి పందిరే.

నేను చిన్నప్పటి నుంచి అంత సంతోషంగా ఎప్పుడూ లేను. ఆ మాట చెప్పడానికి సిగ్గేమీ లేదు. ఇంట్లో నాయిన అలా పడి ఉన్నా, ఆదివారం పొద్దున ఆయన తిన్నాక రెండు గంటలు నావి. జడ్చర్ల దాటి కల్వకుర్తి రోడ్డు మీద పది పన్నెండు బండ్లు ఒకదాని వెనక ఒకటి పోతుంటే, రెండు పక్కలా పత్తిచేన్లు, బండరాళ్ళ గుట్టలు, ముందువాడి పొగ నా ముఖానికి కొడుతుంటే, దవాఖాన చీటీలు, మందుల వేళలు అన్నీ మరిచిపోయేవాణ్ణి. తిరిగి వస్తుంటే అవి వరసగా గుర్తుకొచ్చేవి.

ఒక ఆదివారం చాయ హోటల్ ముందు బండ్లన్నీ ఆపి, ఒక్కొక్కరు స్టార్టు చేసి వినిపిస్తున్నారు. నా వంతు వచ్చింది. గలగల మొదలు కాగానే నీలంబండి అన్న, "ఎవరిదన్నా గీ బోళ్ళ దుక్నం?" అన్నాడు. గిన్నెల కొట్టు అనేసరికి అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒళ్ళు మాత్రం మండిపోయింది.

ఇంటికి వచ్చీ రాగానే గుమ్మం ముందు బండి స్టార్టు చేసి, సెల్లు సైలెన్సర్ దగ్గర పెట్టి వీడియో తీశాను. మొత్తం నలభై సెకన్లు. చివర్లో ఇంజన్ చప్పుడు మీదనే గట్టిగా నా బాధ కూడా చెప్పుకొని గ్రూపులో పెట్టాను.

ఇక చూడాలి బండి వైద్యులను. పిస్టన్ అరిగింది అన్నాడొకడు. బేరింగు అన్నాడింకొకడు. ఇంకో నెల నడిపితే ఇంజన్ బిగుసుకుపోయి పట్టేస్తుందని ముగ్గురు రాశారు. ఆ మాట చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఇంజన్ పట్టేయడమంటే నాకు బండి కాదు, నాయిన నోరు కనబడింది. అయితే నిజం చెప్పాలి. విప్పించాలనుకోవడంలో భయం సగమే. మిగతా సగం ఆ చాయ హోటల్ దగ్గరి నవ్వు.

వాళ్ళను తప్పుపట్టను. అంత మంచివాళ్ళను నేను చూడలేదు. పిస్టన్ ఒకరు బస్సు పార్సిల్లో పంపారు. షాద్‌నగర్ ఎర్రబండి అన్న, తన కోసం ఏళ్ళ తరబడి దాచుకున్న కొత్త సైలెన్సర్‌ను ఫ్యాక్టరీ డ్యూటీ దిగి స్వయంగా తెచ్చిచ్చాడు. ఆదివారం ఏడుగురు వచ్చి మెకానిక్ షెడ్డు ముందు నిలబడ్డారు, పెళ్ళికూతురి తరఫువాళ్ళలా.

మెకానిక్ పెద్దాయన. అందరం ఉస్తాద్ అంటాం. ఇంజన్ విప్పి చూశాడు. పిస్టన్ నిజంగానే అరిగింది. మార్చాడు. తర్వాత పాత సైలెన్సర్ విప్పి, లోపలి గొట్టం బయటికి లాగాడు. దాన్ని పట్టి ఉంచాల్సిన స్క్రూ లేదు. దాని జాగాలో మగ్గానికి వాడే ఇనుప తీగ, నూలు పోగులు అతికినట్టు మెలిపెట్టి, మూడు చుట్లు చుట్టి ముడివేసి ఉంది. మసి పట్టి నల్లగా ఉంది. ఏ దారి మధ్యలోనో స్క్రూ ఊడిపోతే నాయిన కట్టుకున్న కట్టు అది. ఇన్నేళ్ళ గలగల అంతా ఆ తీగదే.

ఉస్తాద్ దాన్ని వేలితో తట్టి, "ఇంజన్‌కు దీనితోని ఏం పరేషాన్ లేదు. ఉంచాల్నా, కొత్తది ఎక్కియ్యాల్నా?" అని అడిగాడు.

అడిగాడు. అందుకే ఈ సంగతి ఎవరి మీదా తోసేయలేను.

"కొత్తది ఎక్కియ్యి ఉస్తాద్" అన్నాను. పైగా ఆ తీగను ఫొటో తీసి, 'మా నాయిన ఇంజనీరింగ్' అని గ్రూపులో పెట్టాను. పడీపడీ నవ్వే బొమ్మలు వరసకట్టాయి. కొబ్బరికాయ కొట్టాం. ఒక్క కిక్కుకే స్టార్టయింది. గలగల లేదు. నున్నగా, పద్ధతిగా, కొత్తబండిలా మోగింది. ఎర్రబండి అన్న నన్ను కౌగలించుకున్నాడు.

ఇంటి మలుపు తిరిగి గుమ్మం ముందు ఆపాను. అమ్మ బయటికి రాలేదు. లోపలికి పోయేసరికి ఖాళీ కంచంతో వంటింట్లోంచి వస్తోంది.

"బండి ఏమైందిరా? నడుసుకుంట వచ్చినవా?" అంది.

అప్పటికి కూడా నాకు తట్టలేదు. బాగయిందని గొప్పగా చెప్పి, బయట మళ్ళీ స్టార్టు చేసి వచ్చాను. నాయిన పైకప్పు చూస్తున్నాడు. ఎక్సలేటరు తిప్పి వచ్చాను. హారన్ కొట్టాను. అమ్మ ముద్ద పట్టుకొని, "నీ బండేనయ్యా, జర ఇను, నీ బండే" అంటోంది. ఎడమచేతి వేళ్ళు దుప్పటి మీద చాచినవి చాచినట్టే ఉన్నాయి. పళ్ళు బిగుసుకున్నాయి.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మళ్ళీ చెంచా, జావ, తడిసిన దిండు.

ఉస్తాద్ దగ్గరికి పరుగెత్తాను. పాత సైలెన్సర్ ఏదని అడిగాను. "పాత సామానుల ఏసిన బేటా. నిన్ననే తుక్కు కొనే బండోడు కొంటవోయిండు" అన్నాడు. ఊళ్ళో ఉన్న పాత ఇనుప దుకాణాలన్నీ తిరిగాను. తుప్పుపట్టిన కుప్పల్లో సైలెన్సర్లు కనిపించాయి, మాది మాత్రం లేదు. ఒక దుకాణమాయన, "కరిగియ్యనీకె షాద్‌నగర్ దిక్కు లారీ వోయిందన్నా" అన్నాడు.

గ్రూపులో, 'పోయిన చప్పుడు మళ్ళీ తెప్పించడం ఎలా?' అని అడిగాను. మొదట జోకనుకొని నవ్వారు. అప్పుడు నాయిన సంగతి మొత్తం రాశాను. అంతకుముందు వాళ్ళకు ఎప్పుడూ చెప్పలేదు.  

ఆయిల్ మీద మూడు రోజులు కొట్లాడినవాళ్ళు ఈసారి తలా ఒక చెయ్యి వేశారు. గొట్టం వదులు చేసి చూడమన్నారు, లోపల చిన్న మేకు వేయమన్నారు. నేను నవ్వడానికి పెట్టిన ఆ తీగ ఫొటోనే పెద్దది చేసి చుట్లు లెక్కపెట్టారు. ఎర్రబండి అన్న సెలవు పెట్టి వచ్చి మా గుమ్మం ముందు కూర్చున్నాడు. కట్టడం, స్టార్టు చేయడం, నేను లోపలికి పోయి నాయిన ముఖం చూడటం, బయటికి వచ్చి తల అడ్డంగా ఊపడం. ఆఖరికి అమ్మే వచ్చి మెట్టు మీద కూర్చుంది. ముప్పై ఏళ్ళు నాయిన పక్కన పోగులు అతికిన చేతులు. ఫొటో చూసి తీగ మెలిపెట్టి ముడివేసింది. బండి గలగలలాడింది. మా ముగ్గురికీ ప్రాణం లేచొచ్చింది. లోపల నాయిన కదల్లేదు. అది ఏదో ఒక గలగల. ఆయన గలగల కాదు. ఎలా కట్టాడో తెలిసిన మనిషి లోపల మంచం మీదే ఉన్నాడు. ఆయనకు మాట లేదు.

అమ్మ మసి చేతులు కొంగుకు తుడుచుకొని లోపలికి పోయింది. ఎర్రబండి అన్న బండి పక్కనే కూర్చొని ఏడ్చాడు. నాకు ఆయనను ఓదార్చాలనిపించలేదు.

రెండు రోజులకు ఎర్రబండి అన్న దగ్గర్నుంచే ఒక మెసేజ్ వచ్చింది. గ్రూపులో పైకి పైకి జరుపుకుంటూ పోయి, నేను అప్పుడు పెట్టిన నలభై సెకన్ల వీడియో వెతికి పంపాడు. కింద, 'దీన్ని పెట్టి చూడు అన్నా' అని రాశాడు.

సెల్లును చిన్న స్పీకరుకు కలిపి నాయిన మంచం పక్కనే నిలబడి నొక్కాను. గదంతా గలగల నిండింది. నాయిన మెడ తిరిగింది. నా వైపు కాదు, వాకిలి వైపు. వేళ్ళు క్లచ్చు పట్టుకున్నాయి. నోరు తెరిచాడు. అమ్మ ముద్ద పెట్టింది.

ఇప్పుడు మూడు పూటలా అలాగే జరుగుతోంది. బండి మలుపులో ఉందని ఆయన నమ్మకం. వాకిలి వైపు ఆయన చూసే చూపు నేను చూడలేను. నేను పక్కనే ఉన్నాను నాయినా అంటే వినడు.

వీడియో చివర్లో ఆరేడు సెకన్లు నా గొంతు ఉంటుంది. "గీ సప్పుడు ఎట్లన్న జేసి బంద్ గావాలె అన్నలూ, ఇజ్జత్ పోతాంది." ఆ ముక్క కోసేయమని గ్రూపులో చెప్పారు. కానీ ఆ గొంతు వెనక కూడా ఇంజన్ మోగుతూనే ఉంది. ఉన్న నలభై సెకన్లలో ఆరేడు పోతే ఆయన నమలడానికి చాలదు. అందుకని ఉంచాను. ముద్దకొకసారి నా మాట నేను వింటాను. అది అయిపోగానే చప్పుడు ఆగుతుంది. నాయిన నోరు మూసుకుంటాడు.

అమ్మ ఇంకో ముద్ద కలిపి పట్టుకొని, నా ముఖం చూడకుండా, "మళ్ళ పెట్టు" అంటుంది.

మళ్ళీ పెడతాను.