మూడు బెజ్జాల కాళ్లు

టైలరు పని చేసే మా పిన్ని, పొద్దున్నే కుట్టుమిషన్లు తుడిచిన గుడ్డతోనే మేడ మీది సోలార్ ప్యానెళ్లనూ తుడుస్తుంది. ఆ కరెంటుతోనే ఆమె మిషన్లు నడుస్తాయి. ఆ ప్యానెళ్లు వీధిలోకి కనపడకూడదని ఒక మున్సిపల్ ఆఫీసరు వాటి ఎత్తు తగ్గించేయించాడు. ఎన్నికలయ్యాక కొత్తాయన వచ్చి, వాటి కింద మనిషి నడిచేంత ఎత్తు లేకపోతే పీకించేస్తానన్నాడు. పిన్ని వెల్డరు చేత, బోల్టును ఒక బెజ్జం నుంచి ఇంకో బెజ్జానికి మారిస్తే పొడుగూ పొట్టీ అయ్యే కాళ్లు ప్యానెళ్లకు చేయించింది.

తనిఖీకొచ్చిన ఆఫీసరు వంగి చూశాడు. "ఈ కింది బెజ్జం ఎందుకమ్మా?"

"అది పాత సారుది. పైది మీది."

"మరి మధ్యది?"

"వచ్చే సారుకి. ఎదిగే పిల్లల గౌనుకు మడతలో బట్ట వదలమా సార్?"

ఆయన నవ్వాపుకుంటూ సంతకం పెట్టాడు.

ఇప్పుడు ప్యానెళ్లు పై బెజ్జంలోనే ఉన్నాయి. పిన్ని స్పానరును కత్తెర పక్కనే ఉంచుకుంటుంది.