సారు నింపని ఫారం

మా వసారా గదిలో అద్దెకుండిన సారు పోయిన మంగళవారం పొద్దున చనిపోయారు. అనంతపురం బస్సు కోసం నిలబడి, నిలబడినచోటే కూలిపోయారట. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది.

మాది ధర్మవరం. మగ్గం చప్పుడుకు మా ఇంట్లో ఎవరూ అద్దెకు నిలవరు. గోరంట్ల నుంచి వచ్చిన ఈయన మాత్రం, "చప్పుడుంటేనే నాకు పని జరుగుతాదవ్వా" అని పెట్టె దించారు.

ఆయన చేసేదాన్ని ఓపెన్ సోర్స్ అంటారు. ఒక సాఫ్ట్‌వేర్‌ను పదిమంది కలిసి చేస్తారు. దాని లోపలి రాత ఎవరైనా తెరిచి చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు, ఊరికే వాడుకోవచ్చు. సారు వాళ్లది ఫోనులో వచ్చిన తెలుగును పైకి చదివి వినిపించేది. కరెంటు బిల్లయినా రేషను కబురైనా ఇప్పుడు నేను ఒకరి గడప తొక్కనక్కరలేదు.

"ఊరికే ఇచ్చేదానికి కండ్లు పోగొట్టుకుంటాండావేమి సారూ?" అని మొదట్లో తిట్టాను.

"ఆ ఊరికే వచ్చిందాన్ని పొద్దన్నుంచి నువ్వే కదవ్వా వాడతాండేది" అన్నారు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఆయనే నేర్పేవారు. నా మనవరాలు, మా వీధిలో మరో నలుగురు ఆడపిల్లలు. వాళ్ల వెనక చేతులు కట్టుకుని నిలబడేవారు. ఎంత తప్పు కనబడినా కీబోర్డు ముట్టుకునేవారు కాదు. "నేను దిద్దితే అది నాకే వస్తాది. పాపకు యాడొస్తాది?" అనేవారు. 'కి.గ్రా.' అని ఉంటే ఫోను నత్తిగా "కి, గ్రా" అనేది. దానిచేత కిలోగ్రాములు అనిపించడానికి నా మనవరాలికి పదకొండు రోజులు పట్టింది. అన్ని రోజులూ ఆయన అట్లే నిలబడ్డారు.

అప్పుడే ఒక సంస్థ, కొత్తవాళ్లకు నేర్పేవాళ్లకు నెలనెలా జీతం ఇస్తామంది. సారు ఫారం తెరిచారు. ఈయనే నేర్పారని నేర్చుకున్నవాళ్లు ఒకరు ఉత్తరం రాసివ్వాలట. నా మనవరాలు రాయబోయింది. నేను అడ్డం పడ్డాను.

మా మగ్గాల ఇళ్లలో నేత నేర్పినవాడు కూలి తీసుకోడు. తొలి చీర మగ్గం దిగిన రోజు పంచె, తాంబూలం పెట్టి కాళ్లకు మొక్కుతాం. అంతే.

"ఇద్దె నేర్పినందుకు కూలి అడుగుతావా సారూ, మా ఇంట్లో కూచోని?" అని పిల్లలందరి ముందు అన్నాను.

ఆయన "సరేలే అవ్వా" అని ల్యాప్‌టాప్ మూసేశారు.

నేత నేర్పినవాడికి తన మగ్గం తనకుంటుంది. నేర్పుతూనే తన చీర తాను నేసుకుంటాడు. అయిదుగురి వెనక పొద్దంతా నిలబడే మనిషి తన పని ఎప్పుడు చేసుకుంటాడు? అది నాకు తట్టలేదు. నెల తిరక్కముందే సారు అనంతపురంలో ఏదో ఆఫీసులో చేరారు. ఇక ఆదివారమే పాఠం. అయిదుగురు పిల్లలు ఇద్దరయ్యారు.

"చెప్పేది తగ్గిచ్చినావే సారూ?" అని అడిగాను.

"పొట్టకు గూడా జవాబు చెప్పుకోవల్ల కదవ్వా."

ఎద పట్టేసినట్టుందని రెండుసార్లు అన్నారు. ఆస్పత్రికి పొమ్మంటే, "తీరికుండేది ఆదివారమే, అది పిల్లోళ్లది" అన్నారు. ఆ ఫారం నింపి ఉంటే బతికేవారని నేను అనను. పిల్లల మధ్య ఉండేవారు. ఆ మాట మాత్రం అంటాను.

డబ్బిచ్చే పెద్దలు ఎవరైనా ఇది చదివితే వినండి. నేర్చుకునే పిల్లకు ఇచ్చి ఊరుకోకండి. ఆమె వెనక నిలబడే మనిషి పొద్దుకూ కూలి కట్టండి. సిగ్గుచేటని నోరు పారేసుకున్న ముసలిదాన్నే చెబుతున్నాను, అది సిగ్గు కాదు. ఇంకెవరికి చెప్పాలో నాకు తెలియదు. సారు పేరున ఇప్పుడు ఏ ఫారం నింపినా చెల్లదు.

మొన్న ఆదివారం బుక్కరాయసముద్రం నుంచి ఒక పిల్ల వచ్చింది, భుజాన కంప్యూటరు సంచితో.

"సారు ఉండారా అవ్వా? ఈ వారం రమ్మన్యారు."

నా మనవరాలే బయటికొచ్చి చెప్పింది. ఆ పిల్ల చాలాసేపు మెట్టు మీదే కూర్చుంది. తర్వాత సంచిలోంచి కంప్యూటరు తీసి, తాను రాసింది చూపిస్తూ, "అక్కా, ఇది సరిగ్గా ఉందో లేదో నువ్వన్నా చూస్తావా?" అంది.

"నాకు అంత రాదు పాపా" అంది నా మనవరాలు. అయినా పక్కన కూర్చుంది.

ఇద్దరూ ఒకే చోట చూస్తున్నారు. కాసేపటికి తెర నల్లబడిపోతుంది. ఎవరో ఒకరు వేలితో తాకుతారు. మళ్లీ వెలుగుతుంది, మళ్లీ అక్కడే చూస్తారు.