వాసవి తొడుక్కునే కారు

తాండూరులో కందిపప్పు మిల్లు నడిపే వాసవి ఆదివారం పొద్దున్నే చీర కుచ్చిళ్లు ఒడిసిపట్టుకుని, తల వంచి, తన పాత ఎర్ర స్పోర్ట్స్ కారులో కూర్చుంటుంది. రెండే సీట్లు. పక్కన నిలబడితే కారు కప్పు ఆమె భుజం దాటదు. స్టీరింగును కొంగుతో ఒకసారి తుడిచాకే ఇంజను మొదలవుతుంది. అనంతగిరి ఘాటు రోడ్డు మలుపులు తిరిగి, వికారాబాద్‌లో చాయ్ తాగి వస్తే ఆమెకు వారమంతా హుషారే.

మొన్న తమ్ముడు అనిల్‌కుమార్ అదే కారు కొత్త మోడల్ కొని తెచ్చి ఆమె ముందు నిలబెట్టాడు. పాతదానికంటే పొడుగూ వెడల్పూ బాగా ఎక్కువ. "సూడక్కా, కొత్తది వచ్చినప్పుడల్లా ఎంత పెరుగుతున్నదో! నీది అమ్మేసి నువ్వు గూడ గిదే తీస్కో" అన్నాడు. వాసవి దాన్ని ఘాటు దాకా నడిపింది. మలుపులో ఎదురుగా బస్సు వస్తే, ఆ వెడల్పు వల్ల ఆగిపోయి దారివ్వాల్సి వచ్చింది.

"గట్టి తలుపులు, ఎయిర్‌బ్యాగులు పెడితే పెద్దగ గాక ఏమైతది?" అన్నాడు పక్క సీట్లోంచి అనిల్.

"పానం భద్రం ఉండాలె తమ్మీ, గది ఒప్పుకుంట. కానీ కాళ్లు చాపుకునే జాగ, సోఫా లెక్క సీట్లు ఎందుకు? గవి కావాలంటే వేరే కార్లు లెవ్వా? దీంట్ల ఊకె కూసున్నట్టుంది. నాదైతే ఒంటికి తొడుక్కున్నట్టుంటది."

మరుసటి ఆదివారం అతణ్ని పక్కన కూర్చోబెట్టుకుని తన కారులో బయలుదేరింది. మోకాళ్లు ముడుచుకుని దారంతా సణిగిన అనిల్, ఘాటు మలుపులో కారు కొండను రాసుకున్నట్టు చటుక్కున తిరిగేసరికి డ్యాష్‌బోర్డు పట్టుకుని కేక పెట్టాడు: "ఇంకోపారి తిప్పక్కా!"

వాసవి మెడ నిటారుగా పెట్టి, గేరు మార్చింది.