జీవమ్మ తిన్న కూడు

మా పెద్దమ్మ జీవమ్మ అన్నం తింటుంటే, అప్పుడే తిని చెయ్యి కడుక్కున్నవాళ్లకు కూడా మళ్లీ ఆకలయ్యేది. ఆమె తినేది ఏ నెయ్యన్నమో అనుకునేరు. జొన్న సంగటి, నంజుకోను గోగాకో, రోట్లో నూరిన ఊరుబిండో, అంతే. ముద్దను నిదానంగా వేళ్ల మధ్య తిప్పేది, ఊరుబిండిలో అద్దేది, మింగినాక కళ్లు మూసుకొని "అబ్బా" అనేది. "మా యక్క తింటాంటే గంజి గూడా పాయసమే" అని మా అమ్మ ఎగతాళి చేసేది. ఆ తినడం వల్లే ఆమెకు మంచి పేరు వచ్చింది, ఆ తినడం వల్లే దొంగ అనే పేరూ వచ్చింది. రెండూ ఒకే వరండాలో వచ్చాయి.

1956లో ఆళ్లగడ్డలో ఆడవాళ్ల సంఘం ఒకటి, బడికి పోయే ఈడు రాని పిల్లల కోసం బాలవాడి పెట్టింది. సంఘానికి పెద్ద కమలాక్షమ్మ, తరాలుగా భూములున్న ఇంటి కోడలు. టీచరుగా ప్రసన్నకుమారిని పెట్టారు. ఆ పిల్ల మా చర్చి పిల్లే, ఆదివారం పాటలన్నీ ఆమే ఎత్తుకునేది. వంటకు జానకమ్మ కుదిరింది. పిల్లల్ని ఇళ్ల నుంచి పిలుచుకొచ్చి, ముక్కులు తుడిచి, కాళ్లూ చేతులూ కడిగే ఆయా పని మా పెద్దమ్మది.

ఆయాకు వంటింట్లోకి పోయే పని లేదు. చర్చి వీధి వాళ్లు ముట్టిన కుండలోది పెద్దిళ్ల పిల్లలు తినరు. టీచరమ్మ చదువు చెప్పొచ్చు, చదువుకు అంటు లేదు కాబోలు! అందుకని మా పెద్దమ్మ ఇంటి నుంచి తన కూడు తానే రేకు పెట్టెలో తెచ్చుకొని, వరండా చివర దూరంగా కూచొని తినేది.

బాలవాడిలో మధ్యాహ్నం కొర్రన్నం, ఆకుకూర పప్పు పెట్టేవాళ్లు. పిల్లలు ముట్టేవాళ్లు కాదు. పెద్దిళ్ల పిల్లలకు ఇంట్లో తెల్లన్నంలో చక్కెర కలిపి పెట్టి అలవాటు చేశారు. కూలి ఇళ్ల పిల్లలకు తెల్లన్నం పండగ పూట తప్ప దొరకదు, బాలవాడిలోనన్నా దొరుకుతుందని ఆశపడి వచ్చారు. పళ్లెంలో కొర్రన్నం కనబడగానే అందరూ ఒకటే ఏడుపు. జానకమ్మ గరిటె ఎత్తి బెదిరించేది, టీచరు పాట పాడేది, మధ్యలో బూచోడు కూడా వచ్చి పోయేవాడు. దేనికీ లొంగేవాళ్లు కాదు. మిగిలిందంతా సాయంత్రం జానకమ్మ ఇంటికి పోయేది, ఆమె బర్రె కడుపునిండా తినేది. ఊళ్లో అంత నున్నగా ఉన్న బర్రె మరొకటి లేదు.

కమలాక్షమ్మ మనవరాలు జయలక్ష్మి నాలుగేళ్లది. చేతులు జొన్న దంట్ల మాదిరి ఉండేవి. ఒకరోజు ఆ పిల్ల పళ్లెం వదిలేసి వరండా చివరికి వచ్చి నిలబడింది.

"ఏం తింటాండావు?"

"నా కూడు."

"నాగ్గూడా పెట్టు."

పెద్దింటి పిల్ల చర్చి వీధి మనిషి పెట్టెలో చెయ్యి పెడితే ఇంకేమన్నా ఉందా? పెద్దమ్మ గబుక్కున పెట్టెను వెనక్కు లాక్కుంది. "ఇయ్యను పో. ఇదంతా నాదే. నీ పళ్లెంలో ఉండాది గదా, నీది నువ్వు తిను. నా ముద్దే పెద్దది, నువ్వేం తినగలవు!"

పిల్లకు రోషం వచ్చింది. పరుగున పోయి పళ్లెం తెచ్చుకొని, ఎదురుగా దూరంగా కూచొని, పెద్దమ్మ ముద్ద ఎత్తితే తానూ ముద్ద ఎత్తింది. పెద్దమ్మ "అబ్బా" అంటే తానూ "అబ్బా" అంది. పళ్లెం ఖాళీ అయింది.

మర్నాడు ఇద్దరు వచ్చారు. వారం తిరక్కుండానే పిల్లలందరూ పళ్లేలు తీసుకొని పెద్దమ్మకు ఎదురుగా వరస కట్టారు. "ఇయ్యనే ఇయ్యను, అంతా నాదే" అని ఆమె పాటలా అనేది. "మాదే పెద్ద ముద్ద" అని వాళ్లు అరిచేవాళ్లు. ముందు చేతులు కడుక్కున్నవాళ్లతోనే పందెం అని ఆమె ఒక షరతు పెట్టింది, దానితో తొట్టి దగ్గర తోపులాట మొదలైంది. బచ్చలాకు పప్పు వద్దని ఉమ్మేసిన పిల్లలు వేళ్లు నాకారు.

"పిల్లోల్లు తినమంటే పారిపోతారు, ఇయ్యనంటే మీద పడతారు ప్రసన్నమ్మా" అనేది మా పెద్దమ్మ.

ప్రసన్నకుమారి పడీపడీ నవ్వేది. "జీవమ్మక్కా, నువ్వు లేకుంటే ఈ బాలవాడి మూతపడతాది" అనేది. పిల్లలు పడుకున్నాక వెనక గదిలో పెద్దమ్మ పెట్టెలోని ఊరుబిండి ఆమే వేలితో తీసుకొని తినేది. పెద్దమ్మ రోజూ ఆమె కోసమని ఒక ముద్ద ఎక్కువ తెచ్చేది. ఇది గుర్తు పెట్టుకోండి, నేను మరిచిపోలేదు.

జయలక్ష్మికి బుగ్గలు వచ్చాయి. పిల్లలు గొణగకుండా నిద్రపోయేవాళ్లు. అన్నీ బాగానే ఉన్నాయి, జానకమ్మ బర్రె ఒక్కటే చిక్కిపోయింది.

అంతకు ముందు పిల్లలు తినరు కాబట్టి జానకమ్మ కొలత తగ్గించి వండి గింజలు మిగుల్చుకున్నా ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు రెండోసారి వడ్డించాల్సి వచ్చేది. నెలకని తెచ్చిన కొర్రలు నెల నిండకుండానే అయిపోతున్నాయి. జానకమ్మ పోయి కమలాక్షమ్మ చెవిలో వేసింది: "నేను వండతానే ఉండా తల్లీ, కుండ అడుగంటతానే ఉండాది. యాడికి పోతాందో ఆ అహోబిలం సామికే ఎరుక." గింజల గది తాళం టీచరు దగ్గర ఉంటుంది. పోయాయంటే ముందు అడిగేది టీచరునే.

ఒక మధ్యాహ్నం సరిగ్గా తినే వేళకు కమలాక్షమ్మ సంఘం ఆడవాళ్లను వెంటబెట్టుకొని వచ్చింది. టీచరు నడుముకున్న తాళం చెవిని కొంగుతో కప్పుకుంది. కమలాక్షమ్మ మనవరాలిని ఒళ్లో కూచోబెట్టుకొని అడిగింది.

"మీ బువ్వంతా ఎవురు తింటాండారు తల్లీ?"

"జీవమ్మ!" అంది పిల్ల సంబరంగా. "శానా తింటాది అవ్వా. అడిగితే ఇయ్యను పో అంటాది. అంతా నాదే అంటాది."

మిగతా పిల్లలు ఆట మొదలైందనుకొని చప్పట్లు కొట్టారు. "ఇయ్యదు, ఇయ్యదు, జీవమ్మ ఇయ్యదు!"

అప్పుడు మా పెద్దమ్మ నవ్వింది. పిచ్చితల్లి! పిల్ల ఎంత ముద్దుగా చెప్పిందో అని నవ్విందట. నవ్వుతూనే చూస్తే ఎదురుగా ఉన్న ముఖాల్లో ఒక్కటీ నవ్వడం లేదు.

"అది ఆట తల్లీ" అంది కంగారుగా. "నేను తినేది నా ఇంటి కూడు. ఇదో సూడండి, నాది జొన్న సంగటి, మీది కొర్ర బువ్వ." రేకు పెట్టె తెరిచి రెండు చేతులతో ముందుకు చాపి ఒక అడుగు వేసింది.

"ఆన్నే నిలబడు. దాన్ని ఈడికి తేవద్దు" అంది కమలాక్షమ్మ, చీర కుచ్చిళ్లు వెనక్కు లాక్కుంటూ.

సాక్ష్యం ఆమె చేతుల్లోనే ఉంది. చూడాలంటే దగ్గరికి రావాలి, రారు. ఆమెను దగ్గరికి రానివ్వరు. పెద్దమ్మ ప్రసన్నకుమారి వైపు తిరిగింది. ఆ పిల్ల ఒక్క మాట చెబితే చాలు.

"నువ్వన్నా సెప్పు ప్రసన్నమ్మా. నా పెట్టె సంగతి నీకు తెలుసు గదా."

ప్రసన్నకుమారి నేల చూపులు చూసింది. "నేను పిల్లోల్లకు పాటలు సెప్పుకుంటా ఉంటానమ్మా" అంది కమలాక్షమ్మతో. "ఆయమ్మ ఏం తింటాదో, యాడ్నించి తెచ్చుకుంటాదో నేను సూడలేదు."

చూడలేదట! వేళ్లకు అంటిన ఊరుబిండి నాకి నాకి తిన్న మనిషి చూడలేదట. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే. కమలాక్షమ్మకు మేము పరాయివాళ్లం, ఆమె మీద నాకు కోపమే గాని ఆశ్చర్యం లేదు. జానకమ్మకు బర్రె బాధ. ప్రసన్నకుమారికేం వచ్చింది? ఒకే చాప మీద మోకరించిన మనిషి. తాళం తన దగ్గర ఉందన్న భయంతో పెద్దమ్మను ముందుకు తోసి తాను పక్కకు తప్పుకుంది.

ఆ పూటే పని పోయింది. పని పోతే పోయింది, పసిబిడ్డల నోటికాడ కూడు తిన్నదన్న పేరు ఆళ్లగడ్డలో ప్రతి గడపకూ పోయింది. ఆదివారం చర్చిలో పెద్దమ్మ పక్కన ఎవరూ కూచోలేదు. ముందు వరసలో ప్రసన్నకుమారి ఎప్పటిలాగే పాట ఎత్తుకుంది, గొంతు కొంచెం కూడా వణకలేదు. ఆ వారమే పెద్దమ్మ మూట కట్టుకొని బస్సెక్కి, నన్నిచ్చిన నంద్యాలకు, మా ఇంటికి వచ్చేసింది. ఇక్కడ పత్తి మిల్లులో పనికి కుదిరింది.

1959లో నంద్యాలలో ఒక బడి ఆవరణలో పిల్లల పెంపకం మీద ప్రదర్శన పెట్టారు. నా బిడ్డ కృపావతి అప్పటికి రెండేళ్లది, తిండి దగ్గర నన్ను ఏడిపించేది. ఏమన్నా నేర్చుకుందామని పెద్దమ్మను వెంటబెట్టుకొని పోయాను. వేదిక మీద చూస్తే ప్రసన్నకుమారి! నంద్యాలకు మారిందని అప్పుడే తెలిసింది. ముందు పిల్లలను కూచోబెట్టుకొని, చేతిలో పళ్లెం పట్టుకొని తల్లులకు చూపిస్తోంది.

"ఇయ్యనే ఇయ్యను పో, అంతా నాదే!"

పిల్లలు మీద పడ్డారు. "ముందు చేతులు కడుక్కోండి, అప్పుడే పందెం" అంది. ముద్ద తిప్పి, నోట్లో పెట్టుకొని, కళ్లు మూసుకొని "అబ్బా" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలోని ఒకామె, ఈ ఉపాయం ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగింది. పిల్లల్ని చూసి చూసి తానే కనిపెట్టానంది.

నేను లేచాను. నా ఒళ్లు మండిపోతోంది. పెద్దమ్మ నా కొంగు పట్టి లాగింది.

"కూసో. కూడు తిన్న దొంగ ఈడికీ వచ్చె అంటారు."

"అట్లని ఊరికే ఉండాల్నా పెద్దమ్మా?"

ఆమె వేదిక మీది నుంచి చూపు తిప్పలేదు. "సూడలేదనె గదా ఆ పొద్దు" అంది మెల్లగా. "అంతా సూసింది పాపా. ఒగ అబ్బా గూడా మర్సిపోలా."

అది జరిగి ఏడాది దాటింది. కృపావతి మాత్రం ఇప్పటికీ సంగటి చూస్తే మూతి ముడుచుకుంటుంది. నిన్న నేను అలిసిపోయి, "పెద్దమ్మా, ఒక్కపూట దీని ముందర కూచొని తిను, నిన్ను చూసి తింటుంది" అని బతిమాలాను.

ఆమె అప్పటికే పళ్లెంతో గోడవైపు తిరిగి కూచొని ఉంది. నంద్యాలకు వచ్చినప్పటి నుంచీ అలాగే తింటుంది, "అబ్బా" అనదు. కృపావతి వెనక నుంచి పోయి ఆమె భుజం మీదుగా పళ్లెంలోకి తొంగి చూసింది. పెద్దమ్మ చేతిలోని ముద్దను పళ్లెంలోనే వదిలేసి, కొంగుతో పళ్లెం కప్పేసింది.

"వద్దు పాపా" అంది నాతో. "తిన్నదంటారు."