కట్టు విప్పిన పొద్దున

ఎల్లారెడ్డిలో మా బడి ఆవరణలోనే వేసవి శిబిరం నడిపేవాళ్లం. ఆటలు వ్యాయామం సారు నేర్పేవారు. బొమ్మలు, కథలు నావి. మందుల పెట్టె కూడా నాదే. ఎండ ముదరకముందే పిల్లల్ని ఇళ్లకు పంపేసినా, రోజూ ఎవరికో ఒకరికి ముక్కులోంచి రక్తం కారేది, ఎవరికో కళ్లు తిరిగేవి, మోకాళ్లు చీరుకుపోయేవి. తడిగుడ్డ వేయడం, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు తాగించడం, దెబ్బ కడిగి మందు రాయడం నాకు అలవాటైపోయాయి. అంతకు మించిన పని పడుతుందని అనుకోలేదు.

ఆ పిల్లకు తొమ్మిదేళ్లు. తండ్రి దుబాయిలో కూలిపని చేసేవాడు, తల్లి ఇంట్లో బీడీలు చుట్టేది. తాత రోజూ సైకిల్ మీద తెచ్చి దింపి, శిబిరం అయ్యేదాకా గేటు దగ్గర నీడలో కూర్చునేవాడు. గచ్చకాయల ఆటలో ఆ పిల్లను గెలిచినవాళ్లు లేరు. కాయలు ఎగరేసి చేతివెనక పట్టుకుంటుంటే పెద్దపిల్లలు కూడా చుట్టూ చేరి చూసేవారు.

ఒకరోజు ఖోఖో ఆడుతూ కాలు మడతపడి, చాచిన చేతిమీద బోర్లా పడింది. నేను చేరేసరికి మోచెయ్యి వాస్తోంది. ఏడవడం లేదు. ముఖం మాత్రం పాలిపోయింది.

"చెయ్యి నాది గానట్టున్నది టీచర్," అంది.

చేతిని ఎలా ఉన్నదో అలాగే ఉంచి, పరీక్ష రాసే అట్ట ఒకటి కింద పెట్టి, నా చున్నీతో మెడకు వేలాడదీశాను. తాత గేటు దగ్గరినుంచి పరుగెత్తుకొచ్చాడు. సారు ఆటో పిలిచారు. ఎల్లారెడ్డి దవాఖానలో ఎక్స్‌రే తీశారు. మోచేతి పైన ఎముక విరిగి పక్కకు జరిగిందన్నారు. వదులుగా ఆసరా కట్టి, ఆలస్యం చేయకుండా కామారెడ్డి తీసుకుపొమ్మన్నారు. కబురందుకుని తల్లి అక్కడికే వచ్చింది.

"నేనూ వస్తాను," అన్నాను.

"వద్దు మేడం, మా అన్న వస్తుండు. మేం పోతం. మీరు పిల్లల్ని సూసుకోండ్రి," అంది తల్లి.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి, కామారెడ్డిలో ఎక్కడున్నారని అడిగాను.

"ఇంట్లనే ఉన్నం మేడం. పిల్ల తాత దవాఖాన వద్దని, నిన్న పిట్లం దిక్కు నాటువైద్యుని తానకు తీస్కపోయి కట్టు కట్టిపిచ్చుకొచ్చిండు. రాత్రంత ఒకటే ఏడుపు. బొక్క అతికేటప్పుడు గట్లనే ఉంటదట."

"వేళ్లు ఎట్లున్నయమ్మా?"

ఫోను పక్కన పెట్టి వెళ్లి చూసొచ్చింది. తర్వాత మెల్లగా, "ఉబ్బినయి. సల్లగున్నయి," అంది.

మందుల పెట్టెలోని కత్తెర తీసుకుని బయలుదేరాను.

పిల్ల గోడవారన చాపమీద పడుకుని ఉంది. మోచేతికి వెదురుబద్దలు వేసి, గుడ్డతో బిగించి కట్టారు. కట్టుకింద వేళ్లు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఆడించమంటే ఆడలేదు. కత్తెర పెట్టబోతే తాత నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఇప్పకుండ్రి మేడం. బొక్క జరుగుతది. నేను బండిమీదకెళ్లి పడ్డప్పుడు నా కాలు ఆ వైద్యుని నాయినే కట్టిండు. ఇదే కాలుతోని ఇన్నేండ్లు ఎవుసం జేసిన."

"వేళ్లు చూడండి బాపూ," అన్నాను.

చూశాడు. చెయ్యి వదిలేశాడు. కట్టు కత్తిరించి బద్దలు తీశాను. చర్మంలో గుడ్డ మడతలన్నీ అచ్చు పడి ఉన్నాయి. వేళ్లకు మళ్లీ రంగు వస్తుందేమోనని అందరం చూస్తూ కూర్చున్నాం. రాలేదు.

పక్కింటివాళ్ల కారులో కామారెడ్డి బయలుదేరాం. పిల్ల తల్లి ఒడిలో ఉంది. ముందుసీట్లో కూర్చున్న తాత కాసేపటికొకసారి అడుగుతున్నాడు, "నొస్తుందా బిడ్డా?" మొదట్లో అవునని మూలిగేది. చాలా దూరం పోయాక, "ఇప్పుడు నొస్తలేదు తాతా," అంది. ఆయన వెనక్కి తిరిగి, నావైపు చూసి నవ్వాడు. నొప్పి తెలియకపోవడం మంచిది కాదని నాకు తెలుసు. నవ్వలేక కిటికీలోంచి బయటికి చూశాను.

"కట్టు ఎప్పుడు కట్టించారు?" అని అడిగాడు కామారెడ్డి దవాఖానలో డాక్టరు.

"నిన్న పొద్దుగూకంగ. నేనే కట్టిపిచ్చిన సార్," అన్నాడు తాత. డాక్టరు ఆయన్ని ఒక్క మాట అనలేదు. తిడతాడేమోనని తాత ఇంకా తలవంచుకునే నిలబడ్డాడు. అక్కడ ఆపరేషన్ చేశారు. తర్వాత హైదరాబాద్ పంపారు. చెయ్యి నిలిచింది. కానీ రక్తం అందక లోపలి కండ చచ్చిపోయింది. వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయి, మళ్లీ చాచుకోలేదు.

మరుసటి వేసవికి ఆ పిల్ల శిబిరానికి వచ్చింది. ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది. ఎండ మండిపోతున్నా పొడుగుచేతుల చొక్కా వేసుకునేది. తాత మళ్లీ గేటు దగ్గర కూర్చునేవాడు. ఇప్పుడాయన పిల్లల ఆటను మాత్రమే చూసేవాడు. ఎవరు తూలినా లేచి నిలబడేవాడు.

ఆ ఏడు ఒక బాబు అరుగుమీంచి దూకి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. నేను అట్ట కట్టి ఆటో కోసం చూస్తుండగా వాళ్ల నాయనమ్మ వచ్చింది. "కామారెడ్డి ఎందుకమ్మా, కట్టు కట్టిపిస్తే అయితది," అంది. నేను చెప్పబోతుండగానే తాత అక్కడికి వచ్చేశాడు.

"వద్దక్కా, నా మాట ఇను. నేను గట్లనే జేసిన." అని, వెనక్కి తిరిగి మనవరాల్ని పిలిచాడు. "బిడ్డా, ఇట్ల రా. అవ్వకు నీ చెయ్యి సూపెట్టు."

పిల్ల కదల్లేదు. ఆయన దగ్గరికి వెళ్లి చొక్కా చెయ్యి పైకి లాగాడు. అందరూ చూశారు. నాయనమ్మ నోటిమీద కొంగు పెట్టుకుంది. ఆటో రాగానే బాబుతో ఎక్కింది. పిల్ల చొక్కా చెయ్యి కిందికి లాక్కుని, గోడవైపు తిరిగి నిలబడింది.

మర్నాడు శిబిరానికి రాలేదు. నేను వాళ్లింటికి వెళ్లాను. తల్లి తలవంచుకుని బీడీలు చుడుతోంది. పిల్ల నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్లింది.

"నా చెయ్యి అందరికి సూపెట్టద్దని తాతకు మీరే చెప్పుండ్రి టీచర్. నేను చెప్తే ఏడుస్తడు."

తాత వెనక దొడ్లో ఉన్నాడు. చెప్పాను.

"సూపెట్టకుంటే ఎట్ల నమ్ముతరు మేడం? నా మాట ఎవలింటరు? ఇంకో పిల్లకు గిట్ల కావద్దనే గద," అన్నాడు.

"మీరన్నది నిజమే బాపూ. మీ మాట చెప్పండి, నేను కూడా చెప్తాను. కానీ చెయ్యి ఆమెది."

"అవు, ఆమెదే," అన్నాడు తాత. కండువాతో ముఖం తుడుచుకుని, బావి దగ్గరికి నడిచాడు. నేను ఓదార్చడానికి వెళ్లలేదు.

తర్వాత పిల్ల మళ్లీ శిబిరానికి రాసాగింది. తాత సందు మలుపులోనే దింపి వెళ్లిపోయేవాడు.

శిబిరం ముగిసేలోపే బాబుకు దవాఖానలో వేసిన పిండికట్టు తీశారు. చెయ్యి తిన్నగా అతికింది. వాడు ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్లి, వేళ్లు తెరిచి మూసి చూపించాడు. నాకు సంతోషంగానే ఉంది. కానీ ఆ పిల్ల ముందు ఆ సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాడు ఆమె దగ్గరికి కూడా వెళ్లాడు.

ఆమె వాడి చేతిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "మంచిగైంది," అంది. తర్వాత పక్కకు జరిగి, వాడికి కూర్చోవడానికి చోటిచ్చింది.