మామ ఒట్టు, బుగ్గన గమ్ము

ఆ రోజుల్లో అంటే మరీ తాతలనాటి సంగతి కాదు. ఫార్మసీ డిప్లొమా చేతికొచ్చి, ఆత్మకూరు బస్టాండు దగ్గర మందుల షాపులో నేను కొత్తగా చేరిన రోజులు. తెల్లకోటు తొడుక్కుంటే లోకంలోని సగం రోగాలు నన్ను చూసే పారిపోతాయని నమ్మేవాణ్ని (మిగతా సగానికి మా ఓనరున్నాడు). సరిగ్గా అప్పుడే ఉదయగిరి నుంచి మా చిన్నమామ తన సరుకుల ఆటోలో వచ్చి, షాపు ముందు మొహం వేలాడేసుకుని దిగాడు.

మామకు నికోటిన్ పౌచ్‌ల అలవాటు. పెదవి కిందో బుగ్గనో చిగుళ్లకానించి దూర్చుకునే తెల్లటి బుల్లి సంచులవి, బెంగళూరు స్నేహితుడెవరో అంటించాడు. "పొగ లేదు, ఉమ్మేది లేదు, ఎవురికి నష్టంరా?" అనేవాడు. చిగుళ్లు పుండుపడి అన్నం సహించకపోయినా మానలేదు. నెలలు నిండిన మా అత్త వింజమూరులో పుట్టింటికి వెళ్తూ, అది మానితేనే బిడ్డనెత్తుకుని తిరిగొస్తానని తేల్చి చెప్పింది. మామ బెదిరిపోయి ఆమె తలమీద చెయ్యిపెట్టి ఒట్టేశాడు. వేశాడు గానీ, పూట గడిచేసరికి దేనిమీదా ధ్యాస నిలవదు, ఎవరు పలకరించినా విసుగు.

నేనే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. "నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది పెడతావు?" అని అడిగాడాయన. "లేవకముందే సార్" అన్నాడు మామ. ఆయన నవ్వు ఆపుకుని, నికోటిన్‌నే కొద్దికొద్దిగా ఇచ్చి అలవాటు మాన్పించే మందు ఎక్కువ డోసులో రాసి, ఒంటికి అంటించే పట్టీ, చప్పరించే బిళ్ళ, నమిలే గమ్ము, వీటిలో కుదిరింది ఎంచుకోమన్నాడు.

షాపుకొచ్చి మూడూ కౌంటరు మీద పరిచి ఉపన్యాసం మొదలుపెట్టాను. పట్టీ చూసి మామ "సంతలో పొట్టేలికి గుర్తేసినట్టుండాది, వద్దు" అన్నాడు. బిళ్ళ బుగ్గన పెట్టుకోవాలనగానే రెండడుగులు వెనక్కి వేశాడు. గమ్ము అనేసరికి మొహం వెలిగింది. "ఇది నమిలేది గదా అల్లుడా! ఇదే ఇయ్యి."

"ఊరికే నమలగూడదు మామా. కాస్త నమిలి, నోరు చురుక్కుమనంగానే బుగ్గన పెట్టి ఆపాల" అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. బుద్ధిమంతుడిలా తలూపాడు.

ఆ ఆదివారం అత్తకు తన పట్టుదల చూపించుకోవాలని, నన్ను సాక్షిగా ఆటోలో ఎక్కించుకున్నాడు. దారి పొడుగునా ఆ దవడలు ఆడుతూనే ఉన్నాయి. చెరుకు ముక్కలా నమిలి, ఊరిందంతా మింగుతున్నాడు. బుగ్గన పెట్టమంటే వినపడనట్టు హారన్ కొట్టేవాడు. వింజమూరులో అత్తగారింటి గడప దాటగానే ఎక్కిళ్లు పట్టుకున్నాయి. చెంబెడు నీళ్లు తాగినా ఆగలేదు.

"ఎవురో తల్చుకుంటా ఉండారు అల్లుడూ" అంది అత్త వాళ్లమ్మ. అంతలోనే "పెళ్లాం ఈడనే ఉండాది గదా, ఇంకెవురబ్బా?" అని తనే సందేహపడింది.

అత్త చూపు మారిపోయింది. మామకు ముచ్చెమటలు పోశాయి. ఇక లాభం లేదని నేనే గమ్ము సంగతి బయటపెట్టాను. "బుగ్గన పెట్టమంటే పెట్టడత్తా, రసమంతా మింగతాడు. ఎక్కిళ్లు రాక ఏమొస్తాయి?"

"ఏమయ్యా, చెప్పినట్టు ఎందుకు చెయ్యవు?" అంది అత్త.

మామ నేల చూపులు చూస్తూ, ఎక్కిలికీ ఎక్కిలికీ మధ్య చెప్పాడు. "నీ తలమీద చెయ్యేసి ఒట్టు పెట్టినా గదా, బుగ్గన ఇంకేం పెట్టనని. పెడితే నీకో బిడ్డకో ఏమన్నా అయితే?"

అత్త నవ్వబోయి ఏడ్చేసింది. "పిచ్చి మనిషీ! ఆ ఒట్టు తీసి గట్టున పెట్టినా. డాక్టరిచ్చిన మందు గదా, పెట్టుకో. కాన్పయినాక నువ్వే వచ్చి మమ్మల్ని తీసకపో." మామ భయంభయంగా గమ్ము బుగ్గకు చేర్చాడు. కాసేపటికి ఎక్కిళ్లు సర్దుకున్నాయి. మెల్లమెల్లగా తగ్గించుకుంటూ, కొన్ని నెలలకు ఆ గమ్ముతో కూడా పని లేకుండా చేసుకున్నాడు.

ఇప్పుడు నాకు సొంత షాపుంది. మందు పెట్టె మీద ఉన్నదంతా బట్టీపట్టి, ఇంకేముంది అనుకున్న ఆ తెల్లకోటు కుర్రాణ్ని తలుచుకుంటే ముద్దొస్తాడు, జాలీ వేస్తుంది. ఎవరైనా ఈ గమ్ము అడిగితే, డోసు కంటే ముందు "ఎవరి మీదైనా ఒట్టేశారా?" అని అడుగుతాను. చాలామంది నన్ను ఎగాదిగా చూస్తారు. మొన్న ఒకాయన మాత్రం తల దించుకుని, "మా పాప మీద" అన్నాడు. ముందు ఇంటికెళ్లి పాప చేత ఆ ఒట్టు తీయించుకుని రమ్మన్నాను.